డ్రాఫ్ట్‌కు ముందు జీఎం అరగంట మాట్లాడి ఏమీ చెప్పకపోతే ఫ్యాన్స్ ఎందుకంత నవ్వుతారు?

మీరు అడిగింది ఇదీ. అమెరికా వచ్చి రెండేళ్లయింది, ఆఫీసు వాళ్లతో కలిసి ఇక్కడి ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ చూడటం అలవాటైంది. మొన్న మీ టీమ్ జనరల్ మేనేజర్ (జీఎం, అంటే ఆటగాళ్లను ఎంచుకునే పెద్ద) డ్రాఫ్ట్‌కు, అంటే కాలేజీ ఆటగాళ్లను టీములు వంతులవారీగా ఎంచుకునే తంతుకు, ముందు ప్రెస్ మీట్ పెట్టి "అన్ని దారులూ తెరిచే ఉన్నాయి, ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, మా బోర్డును మేం నమ్ముకుంటాం" అన్నాడు. బోర్డంటే ఎవరు ఎంత విలువైనవాడో టీము రాసుకున్న వరుస జాబితా. లంచ్ టేబుల్ దగ్గర అందరూ పడీపడీ నవ్వారు. జోక్ ఎక్కడుందో మీకు అందలేదు. ఆయన నిజంగానే ఏమీ చెప్పలేదా, లేక చెప్పింది మీకు అర్థం కాలేదా అన్నది మీ అనుమానం.

సూటిగా చెప్పేస్తాను. ఆయన ఏమీ చెప్పలేదు. చెప్పకుండా ఉండటానికే ఆయనకు జీతం. ఏమీ చెప్పడని అడిగే రిపోర్టర్‌కు తెలుసు, కుర్చీలో కూర్చున్న ఆయనకు తెలుసు, చూసే మనకూ తెలుసు. తెలిసి కూడా ఏటా ఏప్రిల్లో అందరం స్నానాలు చేసి ముస్తాబై ఆ తంతుకు హాజరవుతాం. నవ్వు అక్కడ పుడుతుంది. అలాగని అది పూర్తిగా టైమ్ వేస్ట్ అనుకోకండి. జీఎంలు పచ్చి అబద్ధం ఆడటం తక్కువ. నిజమే చెబుతారు, దాని తోకకు ఒక చిన్న మాట కడతారు. ఆ తోక వినడం అలవాటైతే ప్రెస్ మీట్లు వేరేగా వినిపిస్తాయి.

నా సంగతి: 2004 నుంచి డాలస్ పక్కన ఉంటున్నాను, ఇప్పుడు ఫ్రిస్కోలో. డాలస్ టీము కౌబాయ్స్ ఆఫీసూ ప్రాక్టీస్ మైదానమూ మా ఊళ్లోనే ఉన్నాయి కాబట్టి ఈ జబ్బు తగలకుండా తప్పించుకోవడం కష్టం. పదేళ్లకు పైగా మా తెలుగు బ్యాచ్‌కు డ్రాఫ్ట్ ప్రెస్ మీట్ రోజున తంబోలా టికెట్లు తయారుచేసేది నేనే. అంకెలకు బదులు గళ్లలో జీఎం మాటలుంటాయి: "బోర్డు", "విలువ", "అన్ని వైపుల నుంచీ చూస్తున్నాం", "పోటీ ఎప్పుడూ మంచిదే", "మా కోచ్‌లకు ఇతనంటే ఇష్టం". ఆయన నోటి నుంచి ఆ మాట రాగానే గడి కొట్టేయడమే. ఒక ఏడాది పదకొండు నిమిషాల్లో హౌస్‌ఫుల్ అయింది. గెలిచినావిడ మా ఆవిడే. ఆమెకు ఫుట్‌బాల్ అంటే అస్సలు పడదు.

ఇంతకీ ఎందుకు దాస్తారు? మనకు ఐపీఎల్ వేలం తెలుసు. అక్కడ డబ్బు ఉన్నవాడు ఎవడైనా చెయ్యెత్తొచ్చు. నచ్చిన ఆటగాడి కోసం చివరిదాకా పోరాడొచ్చు. ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ వేలం కాదు, వరుస. 32 టీములు, 7 రౌండ్లు, మూడు రోజులు. కిందటి సీజన్లో అందరికంటే అధ్వాన్నంగా ఆడినవాళ్లు ముందు ఎంచుకుంటారు. మీ వంతు 11వది అయితే మీ ముందు పది మంది తీసుకెళ్లగా మిగిలిన వాళ్లలోంచే ఏరుకోవాలి. అయితే వంతును అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. ఇక్కడే కొంప మునుగుతుంది. మీకు ఎవరు కావాలో పక్కవాడికి తెలిసిందంటే, వాడు మీ ముందున్న వాడి దగ్గర వంతు కొనుక్కుని మీ కంచంలో ముద్ద ఎత్తుకుపోతాడు.

2021లో జరిగింది చూడండి. మా డివిజన్‌లోనే మూడు టీములు వరసగా ఉన్నాయి: కౌబాయ్స్ 10, జయంట్స్ 11, ఈగిల్స్ 12. అలబామా కాలేజీ రిసీవర్ (విసిరిన బంతి అందుకునేవాడు) డెవాంటా స్మిత్ ఇంకా మిగిలే ఉన్నాడు. జయంట్స్ అతని మీద కన్నేశారని ఊరంతా అనుకుంటోంది. మాకు కావలసిన కార్నర్‌బ్యాక్‌లు (రిసీవర్లను అడ్డుకునేవాళ్లు) ఇద్దరూ 8, 9 నంబర్లలో వెళ్లిపోయారు. అప్పుడు ఈగిల్స్ జీఎం హోవీ రోజ్‌మన్ మాకు ఫోన్ చేసి, తన 12వ వంతు, దానిమీద ఒక మూడో రౌండ్ పిక్ (వంతు) ఇచ్చి 10 తీసుకున్నాడు. స్మిత్‌ను ఎగరేసుకుపోయాడు. కౌబాయ్స్, ఈగిల్స్ అంటే బద్ధ శత్రువులు. ఆ శత్రువులిద్దరూ కలిసి మధ్యలో ఉన్నవాడి నోటి దగ్గర కూడు లాగేశారు. జయంట్స్ తమ వంతు షికాగోకు అమ్ముకుని 20కి దిగి కడేరియస్ టోనీని తీసుకున్నారు. అతను ఏడాదిన్నరకే వేరే టీముకు వెళ్లిపోయాడు. 12లో మాకు మైకా పార్సన్స్ అనే డిఫెండర్ దొరికాడు. పార్సన్స్ తర్వాత ఏమయ్యాడన్నది వేరే ఏడుపు, ఇప్పుడు వద్దు.

ఇది చూశాక ఏ జీఎం అయినా మైకు ముందు నోరు విప్పుతాడా?

మా తాతయ్య ఎద్దులు కొనడానికి సంతకు వెళ్తే నన్నూ వెంట తీసుకెళ్లేవాడు. ఆయనకు నచ్చిన జత దగ్గర అసలు ఆగేవాడు కాదు. దాని పక్కన ఉన్న జత పళ్లు చూసేవాడు, మూపురం తట్టేవాడు, నడిపించి చూసేవాడు, గంటసేపు దాని గురించే వాదించేవాడు. అసలు జతను చివర్లో, పోతూ పోతూ, "ఇదేమిటి, దీనికి సుడి సరిగ్గా లేదే" అని గొణిగి అడిగేవాడు. బేరం కూడా తువ్వాలు కింద వేళ్లు పట్టుకునే. చుట్టూ ఉన్నవాళ్లకు ధర తెలియదు. మార్చి నెలంతా ఏదో ఒక టీము ఏదో ఒక క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) వెనక తిరుగుతోందని వార్తలొస్తుంటే నాకు మా తాతయ్య పక్క జత పళ్లు చూస్తున్నట్టే ఉంటుంది. ఈ సీజన్‌ను ఇక్కడివాళ్లు పొగతెరల కాలం అంటారు. బాల్టిమోర్ రేవెన్స్ అయితే మరీ. వాళ్లు డ్రాఫ్ట్ ముందు రిపోర్టర్లతో పెట్టుకునే సమావేశానికి "అబద్ధాలకోరుల విందు" అనే పేరు స్థిరపడిపోయింది. 2018లో ఆ టీము మొదట వేరే స్థానం ఆటగాణ్ని (టైట్ ఎండ్) తీసుకుని, అదే రాత్రి మొదటి రౌండ్ ఆఖరి వంతు, 32వది, కొనుక్కుని క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్‌ను పట్టుకుంది. మరుసటి ఏడాదికే అతను లీగ్ ఎంవీపీ, అంటే అత్యుత్తమ ఆటగాడు.

ఇంకో కారణం ఫ్యాన్స్ తరచూ మర్చిపోతారు. జీఎం మాటలు వినేది పక్క టీములే కాదు, సొంత ఆటగాళ్లు, వాళ్ల ఏజెంట్లు కూడా. "మాకు లెఫ్ట్ టాకిల్ (క్వార్టర్‌బ్యాక్‌కు కాపలా కాసేవాడు) కావాలి" అన్నాడనుకోండి, ఇప్పుడున్న లెఫ్ట్ టాకిల్ ఇంట్లో కూర్చుని టీవీ చూస్తున్నాడు. రేపు డ్రాఫ్ట్‌లో టాకిల్ దొరక్కపోతే మళ్లీ ఇతని కాళ్లే పట్టుకోవాలి. "లేదు, ఇతనే మా వాడు, ఇంకెవరూ అక్కర్లేదు" అన్నాడనుకోండి, ఏజెంట్ ఆ క్లిప్ దాచుకుని కాంట్రాక్ట్ మాటల రోజున బల్లమీద పెడతాడు. అందుకే పాము చావకుండా, కర్ర విరగకుండా మాట్లాడాలి. "అతనంటే మాకు ఇష్టమే. ఏ స్థానంలోనైనా పోటీ పెంచడం మా బాధ్యత." ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన వచ్చాయంటే ఆ టాకిల్ ఇల్లు అద్దెకు ఇచ్చే పనిలో ఉండటం మంచిది.

ఇక తోక సంగతి. ధర్మరాజు "అశ్వత్థామ హతః" అని గట్టిగా అరిచి, "కుంజరః" అన్నది నెమ్మదిగా అన్నాడు కదా. అబద్ధం ఆడలేదు, ద్రోణుడు మాత్రం విల్లు కింద పెట్టాడు. 2019 ఫిబ్రవరిలో ఇండియానాపొలిస్‌లో కంబైన్ (డ్రాఫ్ట్ కుర్రాళ్లను పరీక్షించే శిబిరం) దగ్గర ఆరిజోనా కార్డినల్స్ జీఎం స్టీవ్ కైమ్ అచ్చంగా ఇదే చేశాడు. ఆ టీము 2018లో ముందుకు జరిగి మరీ 10వ పిక్‌తో జాష్ రోజెన్ అనే క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకుంది. సీజన్ ఘోరంగా పోయి 2019లో వాళ్లకు ఒకటో నంబర్ పిక్ వచ్చింది. అందరి నోటా కైలర్ ముర్రే అనే ఇంకో క్వార్టర్‌బ్యాక్ పేరే. రోజెన్ మీ క్వార్టర్‌బ్యాకేనా అని అడిగితే కైమ్, అవును, అతనే, ప్రస్తుతానికి, నిశ్చయంగా, అన్న ధోరణిలో జవాబిచ్చాడు. "ప్రస్తుతానికి"! ఆ ఒక్క మాట మీద దేశమంతా రెండు నెలలు నవ్వింది. పైగా కొత్తగా వచ్చిన కోచ్ క్లిఫ్ కింగ్స్‌బరీ, అంతకు నాలుగు నెలల ముందు కాలేజీ కోచ్‌గా ఉన్నప్పుడు, నాకే గనక అవకాశముంటే కైలర్‌ను ఒకటో పిక్‌తో తీసుకుంటానని బహిరంగంగా అన్నాడు. అప్పుడు ఆయనకేం తెలుసు, అదే పిక్ తన చేతికి వస్తుందని.

ఏప్రిల్ 25న ముర్రేను తీసుకున్నారు. మర్నాడే రోజెన్‌ను మయామీకి ఒక రెండో రౌండ్ పిక్కూ, వచ్చే ఏడాది అయిదో రౌండ్ పిక్కూ తీసుకుని పంపించేశారు.

ఇక్కడ నా పరువు కూడా పోయింది కాబట్టి చెబుతున్నాను. "నిశ్చయంగా" అన్నాడు కదా, ఏడాది కూడా కాకుండా మొదటి రౌండ్ కుర్రాణ్ని ఎవరు వదులుకుంటారు అని మా బ్యాచ్‌లో పన్నెండు మందికి బిర్యానీ పందెం కాశాను. నేను విన్నది "నిశ్చయంగా". వినాల్సింది "ప్రస్తుతానికి". ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, ఆ మాట విలువ నాకు ముందే తెలియాలి. అంతకు కొన్నేళ్ల ముందు నేను పనిచేసే చోట అందర్నీ పిలిచి మీటింగ్ పెట్టి, "ప్రస్తుతానికి లేఆఫ్‌ల ఆలోచన ఏదీ లేదు" అన్నారు. ఆ మాట విని అమెరికన్ సహోద్యోగులు నిశ్చింతగా కాఫీకి వెళ్లారు. హెచ్1బీ మీద ఉన్న మేం నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకుని అదే సాయంత్రం రెజ్యుమేలు దుమ్ము దులిపాం. ఉద్యోగం పోతే వెంటనే ఇంకొకటి చూసుకోవాల్సినవాడికి క్రియావిశేషణాలు బాగా వినిపిస్తాయి. ఆరువారాలకు మా ఫ్లోర్‌లో సగం కుర్చీలు ఖాళీ. అంత నేర్చుకుని కూడా ఫుట్‌బాల్ దగ్గరికొచ్చేసరికి బోల్తా పడ్డాను. అభిమానం చెవులు మూసేస్తుంది.

అదే ఏడాది, అదే కంబైన్‌లో, న్యూయార్క్ జయంట్స్ జీఎం డేవ్ గెటిల్‌మన్‌ను తమ స్టార్ రిసీవర్ ఓడెల్ బెకమ్ గురించి అడిగారు. మేం అతనితో కాంట్రాక్ట్ కుదుర్చుకుంది ట్రేడ్ చేయడానికి (వేరే టీముకు ఇచ్చేయడానికి) కాదు అన్నాడు. సుమారు రెండు వారాలకు బెకమ్ క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌లో ఉన్నాడు. ఇందులో తోక ఎక్కడుందంటారా? కాలంలో ఉంది. "కుదుర్చుకుంది" అనేది గడిచిపోయిన విషయం. కిందటేడు మా ఉద్దేశం అది అన్నాడే గానీ, ఇప్పటి ఉద్దేశం ఇది అనలేదు. భూతకాలంలో చెప్పిన మాటను భవిష్యత్తుకు హామీగా తీసుకోకండి. మా మామయ్య భూమి అమ్మకం విషయంలో కూడా ఇలాగే మాట్లాడతాడు, అది వేరే కథ.

నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం 2021దే. శాన్ ఫ్రాన్సిస్కో 49ఎర్స్ మార్చి 26న మూడు మొదటి రౌండ్ పిక్‌లూ, ఒక మూడో రౌండ్ పిక్కూ మయామీకి ఇచ్చి 12 నుంచి 3కి వచ్చారు. క్వార్టర్‌బ్యాక్ కోసమే అని చిన్నపిల్లాడికీ తెలుసు. ఏ క్వార్టర్‌బ్యాక్? నెల రోజులు నోరు మెదపలేదు. మాక్ జోన్స్ అని నిపుణులు చాలామంది తేల్చేశారు. డ్రాఫ్ట్‌కు మూడు రోజుల ముందు కోచ్ కైల్ షానహన్, జీఎం జాన్ లించ్ కలిసి మాట్లాడారు. ఇప్పుడున్న క్వార్టర్‌బ్యాక్ జిమ్మీ గరాపలో ఆదివారానికి టీములో ఉంటాడని హామీ ఇవ్వగలరా అని ఒకరు అడిగారు. షానహన్ ఏమన్నాడంటే, ఆదివారానికి ఈ ప్రపంచంలో ఎవరైనా బతికి ఉంటారని కూడా నేను హామీ ఇవ్వలేను, కాబట్టి జిమ్మీ గురించి కూడా ఇవ్వలేను అని. వేదాంతం! జగమే మాయ అన్న ధోరణి. ఆ వారమంతా మా గ్రూపులో ఏం అడిగినా అదే జవాబు. "శనివారం పాలు తెస్తావా?" "శనివారానికి ఎవరు ఉంటారో ఎవరు పోతారో." చివరికి తీసుకున్నది మాక్ జోన్స్‌ను కాదు, ట్రే లాన్స్‌ను. రహస్యం బ్రహ్మాండంగా కాపాడారు. జిమ్మీ ఆదివారమూ ఉన్నాడు, మరుసటి రెండు సీజన్లూ ఉన్నాడు.

ఆగండి, అక్కడితో అయిపోలేదు. లాన్స్ నిలదొక్కుకోలేదు, 2023 ఆగస్టులో ఒక నాలుగో రౌండ్ పిక్‌కు మా కౌబాయ్స్‌కే అమ్మేశారు. వాళ్లకు అసలు క్వార్టర్‌బ్యాక్ 2022 డ్రాఫ్ట్‌లో అందరికంటే ఆఖరి పిక్‌గా, 262వ నంబర్‌లో దొరికాడు, బ్రాక్ పర్డీ. అతని గురించి డ్రాఫ్ట్ ముందు ఏ ప్రెస్ మీట్‌లోనూ పొగతెర వేయాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

దీన్నుంచి ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే కొత్తగా చూసేవాళ్లు ఇక్కడ పొరబడతారు. గుట్టుగా ఉన్నాడంటే తెలివైనవాడని కాదు. మౌనంగా కూర్చున్న మనిషిని చూసి "లోపల ఎంత ఆలోచన ఉందో" అనుకోవడం మనకు అలవాటు. 2017లో షికాగో బేర్స్ జీఎం రయన్ పేస్ మిచ్ ట్రుబిస్కీ అనే కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ను ఎంత రహస్యంగా ఇష్టపడ్డాడంటే, అతనితో డిన్నర్‌కు వెళ్తే హోటల్లో దొంగ పేరు మీద టేబుల్ బుక్ అయిందని తర్వాత బయటికొచ్చింది. డ్రాఫ్ట్ రాత్రి 3 నుంచి 2కి, ఒక్కటంటే ఒక్క మెట్టు ఎక్కడానికి మూడు పిక్‌లు అదనంగా ఇచ్చాడు. ఎవరికీ పొక్కలేదు. అదే డ్రాఫ్ట్‌లో 10వ నంబర్ దాకా మిగిలి ఉన్నవాడు ప్యాట్రిక్ మహోమ్స్. కాన్సస్ సిటీ 27 నుంచి ఎగిరి వచ్చి అతన్ని తీసుకుంది, ఇప్పటికి మూడు సూపర్‌బౌల్‌లు (లీగ్ ఫైనల్స్) గెలిచాడు. తువ్వాలు కింద బేరం ఎంత గుట్టుగా చేసినా, ఎద్దు కుంటిదైతే అరక కదలదు.

ఇంత చెప్పి మా వాడి గురించి చెప్పకపోతే ఎలా. కౌబాయ్స్‌కు జీఎం వేరే లేడు. 1989లో టీము కొన్న జెర్రీ జోన్సే యజమాని, ఆయనే జీఎం. మిగతా ఊళ్లలో జీఎం ఏమీ చెప్పడని నవ్వుతారు. మా ఊళ్లో ఆయన ఎక్కడ ఏం చెప్పేస్తాడోనని నవ్వుతాం. పక్కన కొడుకు స్టీఫెన్ కూర్చుని ఎప్పుడు అందుకుని మాట మార్చాలా అని చూస్తుంటాడు. మొహంలో ఆ భయం కోసమే నేను ప్రెస్ మీట్ చూస్తాను. 2022లో మొదటి రౌండ్ పిక్ టైలర్ స్మిత్ గురించి రిపోర్టర్లు సణిగితే, తమ జాబితాలో అతను ఎంత పైనున్నాడో చూపిస్తానని జెర్రీ ఆ రహస్య జాబితా కాగితమే కెమెరాల ముందు ఎత్తి పట్టుకున్నాడు. జూమ్ చేసుకుని చదువుకున్నవాళ్లు చదువుకున్నారు. 2025లో కూడా డ్రాఫ్ట్ ముందు, పెద్ద ట్రేడ్ ఆలోచనలు ఒకటి రెండు ఉన్నాయని ఆయనే నోరు జారాడు. ఎవరూ నమ్మలేదు. అందరూ రిసీవర్ అనుకుంటే గార్డ్‌ను (కాపలా వరసలో ఆడేవాణ్ని) తీసుకున్నారు. మే నెల వచ్చేసరికి పిట్స్‌బర్గ్ నుంచి జార్జ్ పికెన్స్ అనే రిసీవర్ దిగాడు. ఆయన నిజం చెప్పినా మాకు పొగలాగే కనిపిస్తుంది, ఆ స్థితికి వచ్చాం. దానికి కారణమూ ఉంది లెండి: 2024 జనవరిలో ఈ ఏడాది సర్వస్వం ఒడ్డేస్తాం అన్న అర్థం వచ్చేలా ప్రకటించి, ఆ వేసవి దాదాపు ఏమీ కొనకుండా గడిపేశాడు. ఆ మాట ఇప్పటికీ మా ఊళ్లో బూతుతో సమానం.

మరి దేన్ని నమ్మాలి? నేను చూసేవి చెబుతాను.

మాటకంటే ముందు కాళ్లు ఎటు నడుస్తున్నాయో చూడండి. ప్రతి టీమూ డ్రాఫ్ట్‌కు ముందు 30 మంది వరకు కుర్రాళ్లను తన ఆఫీసుకు పిలిపించుకోవచ్చు. ఆ 30 పేర్లు ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. కౌబాయ్స్ అయితే ఏటా తాము పిలిపించిన వాళ్లలోంచే ఒకరిద్దరిని తీసుకోవడం మాకు రివాజు. అందులోనూ మోసం ఉంటుంది. కొందరిని ఊరికే పిలుస్తారు. కొందరిని మోకాలు చూడటానికి డాక్టర్ల కోసం పిలుస్తారు. అయినా మాట కంటే విమానం టికెట్ ఖరీదు.

తర్వాత డబ్బు. ఒక స్థానానికి మార్చిలో ఎంత ఖర్చుపెట్టారో చూస్తే ఏప్రిల్లో ఆ స్థానంలో ఎవరినీ తీసుకోరని ఊహించవచ్చు. సాధారణంగా. 2024లో అట్లాంటా ఫాల్కన్స్ మార్చిలో కర్క్ కజిన్స్ అనే క్వార్టర్‌బ్యాక్‌కు 10 కోట్ల డాలర్లు గ్యారంటీ ఇచ్చి, ఏప్రిల్లో 8వ పిక్‌తో మైకెల్ పెనిక్స్ అనే ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకున్నారు. ఆ రాత్రి టీవీలో నిపుణుల మొహాలు చూసి తీరాలి. కాబట్టి ఈ సూత్రానికి కూడా తోక తగిలించుకోండి: ప్రస్తుతానికి.

పెద్ద పెద్ద విశేషణాలు విని మాత్రం అసలు లెక్కలు వేయకండి. 2025 జనవరిలో టెనసీ టైటన్స్ పెద్దాయన చాడ్ బ్రింకర్, ఒకటో పిక్‌తో తరానికొక్కడు అనదగ్గ ప్రతిభ ఉన్నవాణ్ని వదులుకోం అన్నాడు. ఆ ఏటి క్వార్టర్‌బ్యాక్‌ల్లో అంతటివాడు లేడు, అంటే క్వార్టర్‌బ్యాక్‌ను వద్దనుకున్నట్టే అని జనం మూడు నెలలు భాష్యాలు రాశారు. తీసుకున్నది క్యామ్ వార్డ్, క్వార్టర్‌బ్యాకే. తరానికొక్కడెవరో ఆయన పేరు చెప్పలేదు కదా.

తలుపు మూశాక వీళ్లు ఎలా మాట్లాడతారో ఒకసారి అందరం చూశాం. 2024లో జయంట్స్ ఆఫీసులోకి టీవీ కెమెరాలను రానిచ్చారు. బయట ఎప్పటిలాగే ఇస్త్రీ మడత నలగకుండా మాట్లాడే జీఎం జో షేన్, లోపల మూడో పిక్ కోసం న్యూ ఇంగ్లండ్‌తో బేరాలాడుతూ మామూలు మనిషిలాగే కంగారు పడ్డాడు. యజమాని జాన్ మారా అయితే, తమ స్టార్ ఆటగాడు సేక్వాన్ బార్క్లీ ఫిలడెల్ఫియాకు (అంటే ఈగిల్స్‌కు) వెళ్తే నాకు నిద్ర పట్టదు అన్నాడు. బార్క్లీ ఫిలడెల్ఫియాకే వెళ్లాడు. ఆ సీజన్లో 2,005 గజాలు పరుగెత్తి సూపర్‌బౌల్ గెలిచాడు. అది చూశాక నాకు జీఎంల మీద ఉన్న విసుగు చాలావరకు పోయింది. మనం ఏమీ చెప్పడం లేదని నవ్వుతున్నామే, ఆ కుర్చీలో ఉన్నవాడికి చాలాసార్లు చెప్పడానికి ఏమీ తెలియదు కూడా. తన ముందు పది మంది ఎవర్ని తీసుకుంటారో ఆయనకూ తెలియదు. "అన్ని దారులూ తెరిచే ఉన్నాయి" అన్నది కొన్నిసార్లు తప్పించుకోవడం, కొన్నిసార్లు నిజమైన అయోమయం. రెండిటికీ మాట ఒక్కటే.

ఇక నవ్వు విషయానికి మళ్లీ వస్తే, అందులో వెక్కిరింత పాలు తక్కువ. ఫిబ్రవరిలో సూపర్‌బౌల్ అయిపోయాక సెప్టెంబర్ దాకా ఆట లేదు. ఏడు నెలలు ఎండిన పొలం లాంటి అభిమానికి ఏప్రిల్ ప్రెస్ మీట్ ఒక చినుకు. నీళ్లు లేవని తెలిసినా ఆకాశం చూస్తాం. ఎవరు ఎవర్ని తీసుకుంటారో ఊహిస్తూ రోజుకో మాక్ డ్రాఫ్ట్ తయారుచేసుకుని, జీఎం కనుబొమ్మ ఎగరేసినా దానికో అర్థం తీస్తాం. పెళ్లిచూపులకొచ్చి "ఇంటికెళ్లి కబురు చేస్తాం" అని వెళ్లిపోయిన వాళ్ల మాటను రాత్రంతా కూర్చుని విడదీసి చూసే ఇల్లు ఎలా ఉంటుందో అలా ఉంటుంది మా గ్రూపు ఆ రాత్రి. "కబురు చేస్తాం అన్నప్పుడు నవ్వాడా?" "నవ్వాడు, కానీ స్వీటు తినలేదు."

మీ జీఎం అన్న మూడు మాటల్లో రెండు మా తంబోలా టికెట్‌లో శాశ్వత గళ్లు, వాటిని వదిలేయండి. "ఫోన్లు మోగుతున్నాయి" అన్నది మాత్రం పట్టుకోండి. ఎవరు ఎవరికి చేస్తున్నారో చెప్పకుండా ఆ మాట అన్నాడంటే, నా అనుభవంలో చాలాసార్లు అది అమ్మకానికి బోర్డు పెట్టడమే: మా వంతు కావాలంటే రండి, బేరం ఆడుకుందాం అని. మీవాళ్లు కిందికి దిగుతారని నా అంచనా. పందెం అయితే కాయను. పన్నెండు బిర్యానీల బిల్లు ఇంకా గుర్తుంది.